‘మిషను చెప్పిందండీ’ అంటే కోర్టు ఊరుకుంటుందా?

ఈ నెల నా బల్ల మీదకొచ్చిన ఉత్తరాలన్నిటిదీ దాదాపు ఒకటే పాట: ఏఐ. మూడేళ్ల కిందట ఇవే ఊళ్ల నుంచి గట్టు తగాదాలు, చెల్లని చెక్కులు, అన్నదమ్ముల పంపకాలు వచ్చేవి. భీమవరం కోర్టులో 26 ఏళ్లుగా నల్లకోటు వేసుకుంటున్నాను, ఇంత తొందరగా తగాదాల రకం మారిపోవడం ఎప్పుడూ చూడలేదు.

మన దేశంలో ఏఐకంటూ విడిగా ఒక చట్టం ఇంకా రాలేదు. కేంద్ర ఐటీ శాఖ 2025 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి మార్గదర్శకాలే, చట్టం కాదు. ఈ మాట చెబితే ఒక క్లయింటు “అయితే అడిగేవాడు లేడన్నమాట” అని సంబరపడిపోయాడు. అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు బాబూ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఉంది, 1957 కాపీరైటు చట్టం ఉంది, 2000 ఐటీ చట్టం ఉంది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. పడవకి మోటారు బిగించినంత మాత్రాన రేవు మారిపోదు కదా.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. మాది రొయ్యల మేత, మందుల షాపు. పోయినేడు ఒక కుర్రాడొచ్చి వాట్సాప్‌లో మా షాపు పేరుతో ఏఐ చాట్‌బాట్ పెట్టాడు. నెలకి 4,000 తీసుకుంటున్నాడు. రైతులు ఏ వేళప్పుడు అడిగినా తెలుగులో జవాబు చెబుతుంది. మొన్న ఏప్రిల్లో ఒక రైతు అర్ధరాత్రి అమ్మోనియా ఎక్కువుందని అడిగితే, ఎకరానికి 50 కిలోల సున్నం వేయమంది. ఆయన వేశాడు. తెల్లారేసరికి నాలుగెకరాల్లో రొయ్య తేలిపోయింది. ఇప్పుడు 18 లక్షలు కట్టమని లాయరు నోటీసు వచ్చింది. చెప్పింది మిషను. నేను ఆ టైముకి నిద్రలో ఉన్నాను. చాట్‌బాట్ కుర్రాడు ఫోను ఎత్తడం లేదు. ఇందులో నా బాధ్యత ఏముంది?
– పేరు వేయవద్దు, ఆకివీడు

జవాబు: మీరు పంపిన స్క్రీన్‌షాట్లు నాలుగుసార్లు చూశాను. రాత్రి 1.52కి రైతు “పీహెచ్ 8.8 ఉందండీ, అమ్మోనియా బాగా చూపిస్తోంది, ఏం వెయ్యమంటారు” అని అడిగాడు. 1.52కే జవాబు వచ్చేసింది. నాకున్న రొయ్యల జ్ఞానమంతా మా తమ్ముడి చెరువు పుణ్యమే. అసలే పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో సున్నం పడితే అది ఇంకా పెరుగుతుంది, పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషమూ పెరుగుతుంది. ఈ సంగతి మీ షాపులో బస్తాలు మోసే కుర్రాడికీ తెలిసే ఉంటుంది. మిషనుకి తెలియలేదు. తెలియదని ఒప్పుకోనూ లేదు. జవాబు కింద మీ షాపు పేరు, మీ లోగో, “24 గంటలూ మీ సేవలో” అన్న ముక్కా ఉన్నాయి. మీ కేసంతా ఆ మూడింటిలోనే ఉంది.

మీ గుమస్తా కౌంటర్లో నిలబడి ఇదే సలహా ఇచ్చి ఉంటే, “చెప్పింది గుమస్తా, నేను ఇంట్లో ఉన్నాను” అంటారా? అన్నా ఎవరూ వినరు. మిషను విషయంలోనూ అంతే. ఈ వాదన ఇప్పటికే ఒకరు చేసి ఓడిపోయారు. కెనడాలో ఒకాయన నాయనమ్మ పోతే, అంత్యక్రియలకి వెళ్లడానికి ఎయిర్ కెనడా చాట్‌బాట్‌ని రాయితీ గురించి అడిగాడు. ముందు టికెట్ కొనుక్కోండి, రాయితీకి తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు అందది. కొన్నాక కంపెనీ కుదరదంది. చాట్‌బాట్ చేసిన దానికి బాధ్యత చాట్‌బాట్‌దేనన్నట్టు వాదించింది కూడా. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి 812 డాలర్లు ఇప్పించింది. ఆ తీర్పు మన కోర్టుల్ని కట్టి పడేయదు. అయినా రైతు తరఫు లాయరు దాన్ని ప్రింటు తీసి పట్టుకొస్తాడు. నేనైతే పట్టుకొస్తాను.

ఇక రైతు వినియోగదారుడు కాడు, వ్యాపారం కోసం కొన్నాడు అని మీ ఊళ్లో ఎవరో చెప్పారన్నారు. విత్తనాల కేసులో రైతులు వినియోగదారులేనని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. బతుకుతెరువు కోసం నాలుగెకరాలు చేసుకునే మనిషి దగ్గర ఆ వాదన నిలబడదు. వందల ఎకరాల కంపెనీ అయితే కొంచెం ఆలోచించేదాన్ని. వస్తువుకో సేవకో ఇచ్చిన సొమ్ము 50 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వేసుకోవచ్చు, దానికి రెండేళ్ల గడువుంది. సలహా ఉచితంగానే ఇచ్చామంటారు సరే, మేత బస్తాలు ఉచితం కాదుగా. ఆ సలహా మీ అమ్మకంలో భాగమేనని వాళ్లు వాదిస్తారు.

అలాగని 18 లక్షలూ రేపే ఇచ్చేయమనడం లేదు. సున్నం వల్లే రొయ్య పోయిందని రుజువు చేసుకోవాల్సిన భారం ఆయన మీదే ఉంది. ఆ రాత్రి కరెంటు ఉందా? ఏరేటర్లు తిరిగాయా? నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీవో) ఎంత? చచ్చిన రొయ్యని ల్యాబ్‌కి పంపారా? పక్క చెరువుల్లో వైట్‌స్పాట్ జబ్బు ఉందా? పీహెచ్ చూసుకునే అనుభవం ఉన్న రైతు, 8.8 చూసి కూడా సున్నం ఎందుకు పోశాడు? ఇవన్నీ నోటీసు జవాబులో అడగాలి. అడిగి, మధ్యవర్తుల దగ్గర కూర్చోవాలి. ఆయన రేపు కూడా మేతకి ఎవరో ఒకరి షాపుకి వెళ్లాలి, మీరూ ఆ ఊళ్లోనే ఉండాలి. ఇలాంటివి మాట్లాడుకుని తేల్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఒక పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఉత్తరం చివర “ఆ చాట్ డిలీట్ చేసేస్తే ఎలా ఉంటుంది” అని అడిగారు. జైలుకి దారి వేసుకున్నట్టుంటుంది. సాక్ష్యం కాకుండా చేయాలని ఎలక్ట్రానిక్ రికార్డుని చెరిపెయ్యడం భారతీయ న్యాయ సంహిత కింద నేరం. పైగా రైతు ఫోన్లో అది ఎలాగూ ఉంటుంది. మొత్తం చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి, ఆ ఫోనుని మార్చకండి. కోర్టులో పెట్టాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అది మీ లాయరు చూసుకుంటారు. “మా మిషను తప్పు చెప్పింది, క్షమించండి” అని రైతుకి వాట్సాప్ మెసేజీలు కూడా పెట్టకండి.

చాట్‌బాట్ కుర్రాడితో రాతకోతలు లేవన్నారు. నోటిమాట కూడా ఒప్పందమే. నెలనెలా 4,000 మీరు ఫోన్‌పేలో కొట్టారు, ఆ లెక్క తీసి ఆయనకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఏం వస్తుందో చెప్పలేను. అతను వాడిన పెద్ద కంపెనీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అలాంటి కంపెనీల షరతుల్లో జవాబు తప్పయితే మాకు సంబంధం లేదనే ఉంటుంది.

ఇక ఆ చాట్‌బాట్‌ని ఈ రాత్రికే ఆపించండి. మళ్లీ పెడితే ధరలు, స్టాకు, షాపు వేళలు, కంపెనీ కరపత్రంలో ఉన్న మేత లెక్క, ఇంతవరకే ఉంచండి. జబ్బు, మందు, మోతాదు అన్న మాట వస్తే టెక్నీషియన్ నంబరు ఇచ్చి ఊరుకోవాలి. మీ ఉత్తరం చదివాక నేనే దాన్ని “విబ్రియో బాక్టీరియాకి ఏ యాంటీబయోటిక్ వేయాలి” అని అడిగి చూశాను. పేరూ మోతాదూ రెండూ చెప్పేసింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి రొయ్యల్లో నిషేధం. వాటి అవశేషాలు కనబడితే ఎగుమతి కంటైనర్ వెనక్కొస్తుంది. అప్పుడు మీకు నోటీసిచ్చేది ఒక్క రైతు కాదు.

ప్రశ్న: అమ్మా, ఆరెకరాల చెరువు లీజుకి ఇచ్చాను. లాయరు ఫీజు దండగని చాట్‌బాట్‌తోనే అగ్రిమెంటు రాయించాను. 11 నెలలకి రాస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదంది. 100 రూపాయల స్టాంపు మీద సంతకాలు చేసుకున్నాం. ఇప్పుడు అతను లీజు సొమ్ము ఎగ్గొట్టి కదలనంటున్నాడు. ఆ కాగితం చెల్లుతుందా?
– ఒక రైతు, మొగల్తూరు

జవాబు: లాయరు ఫీజు దండగన్న మాట లాయరుకే రాసిన మీ ధైర్యం నాకు నచ్చింది.

11 నెలల చిట్కా వేరే రాష్ట్రాలది. కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజునే రిజిస్టరు చేయించాలి. అందుకే అక్కడ 11 నెలలకి రాసుకుంటారు. మన రాష్ట్రం 1999లో ఆ సెక్షన్‌ని సవరించుకుంది. స్థిరాస్తి లీజు ఎన్నాళ్లదైనా సరే రిజిస్టరు కావాల్సిందే. చాట్‌బాట్ చదివిన కాగితాల్లో వేరే రాష్ట్రాల అగ్రిమెంట్లే ఎక్కువై ఉంటాయి, మన సవరణ దాని కంటబడి ఉండదు. పంట కౌలుదారు కార్డు కోసం రాసుకునే 11 నెలల ఒప్పందం 2019 చట్టం కిందది. దాని దారి వేరు, ఆ రెండూ కలిపేసుకోకండి.

మీ కాగితం రిజిస్టరు కాలేదు కనక అందులోని షరతుల్ని రుజువు చేయడానికి పనికిరాదు. అతను మీ చెరువులోకి ఎలా వచ్చాడు అన్నంతవరకూ చూపించుకోవచ్చు. దానికీ ముందు తక్కువ పడిన స్టాంపు డ్యూటీ, దాని మీద పది రెట్ల దాకా పెనాల్టీ కట్టాల్సి రావచ్చు. అయినా దారి మూసుకుపోలేదు. అతను బ్యాంకులో వేసిన మొదటి వాయిదా, కరెంటు బిల్లులు, ఊళ్లో సాక్షులు, ఇవన్నీ కూడగట్టి ఖాళీ చేయించే దావా వేద్దాం. రండి. ఫీజు మాట్లాడుకుందాం.

ఆ అగ్రిమెంటు మొత్తం చదివాను. 14వ షరతులో “అద్దెదారు గోడలకు మేకులు కొట్టరాదు” అని ఉంది. రొయ్యల చెరువుకి! పెంపుడు కుక్కల గురించి ఒక పేరా కూడా ఉంది. లైసెన్సు ఎవరి పేరున ఉండాలి, ఏరేటర్లు ఎవరివి, కరెంటు బకాయి ఎవరు కట్టాలి, ఉప్పునీరు పక్క వరి చేలోకి దిగితే నష్టం ఎవరిది, గట్లు తెగితే ఎవరు పోయించాలి, రొయ్యల పట్టుబడికి ముందు లీజు ముగిస్తే ఏం చేయాలి, ఇందులో ఒక్కటీ లేదు.

ఈ విషయంలో మా వాళ్లూ తక్కువ తినలేదు. పోయిన వేసవిలో నా దగ్గరున్న ఒక జూనియర్ పిటిషన్ రాసి తెచ్చాడు. అందులో నా వాదనకి అచ్చంగా సరిపోయే సుప్రీంకోర్టు తీర్పు ఉంది, పేజీ నంబరుతో సహా. అంత చక్కగా సరిపోయేసరికే అనుమానం వచ్చింది. సంపుటం తీసి ఆ పేజీ చూస్తే అక్కడున్నది ఎవరిదో ఉద్యోగి పెన్షన్ కేసు. అలాంటి లేని తీర్పులు దాఖలు చేసినందుకే 2023లో న్యూయార్క్‌లో లాయర్లకి 5,000 డాలర్ల జరిమానా పడింది. మావాడికి జరిమానా వేయలేదు. ఆ నెలంతా బీరువాలో సంపుటాలు వరసగా సర్దించాను.

ప్రశ్న: మేడమ్, హైవే మీద మాది పూతరేకుల షాపు. వచ్చే సంక్రాంతికి ఏఐతో వీడియో చేయించాం. ఒక పెద్ద హీరో గొంతుతో “మా అమ్మ చేతి రుచి” అని, వెనకాల బాలు గారి గొంతుతో చిన్న పాట. చాలా బాగా వచ్చింది. చివర్లో “ఇది ఏఐ” అని వేస్తే సరిపోతుందా?
– రావులపాలెం

జవాబు: సరిపోదు. సొంత మనిషికి చెప్పినట్టు చెబుతున్నాను, ఆ వీడియోని ఫోన్లోంచి బయటికి రానివ్వకండి.

మనిషి పేరు, ముఖం, గొంతు అతని సొత్తు. అమ్ముకోవడానికి వాటిని అనుమతి లేకుండా వాడకూడదని కోర్టులు వరసగా చెబుతున్నాయి. 2023లో అనిల్ కపూర్‌కి ఢిల్లీ హైకోర్టులో, 2024లో గొంతు అనుకరణ మీద గాయకుడు అరిజిత్ సింగ్‌కి బొంబాయి హైకోర్టులో ఉత్తర్వులు వచ్చాయి. మన వాళ్లలో నాగార్జున 2025 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి అదే నెలలో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ఏఐతో చేసిన వీడియోకి, గొంతుకి గుర్తు ఉండాలన్న ఐటీ నియమాలు 2026 ఫిబ్రవరిలో వచ్చాయి. ఆ గుర్తు చూసేవాడు మోసపోకుండా ఉండడానికి. హీరో గారి అనుమతికి బదులు కాదు.

బాలు గారి సంగతి ఇంకొంచెం చిక్కు. వ్యక్తిగత హక్కులు మనిషితోపాటే పోతాయని 2023లో ఢిల్లీ హైకోర్టు ఒక నటుడి తండ్రి వేసిన కేసులో అంది. అది పట్టుకుని ధైర్యపడకండి. ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతుని ఏఐతో పలికించారని 2024లో ఆయన కుమారుడు లీగల్ నోటీసు పంపారు. మీరు వాడిన బాణీ పాత సినిమాదైతే కాపీరైటు విడిగా ఉండనే ఉంది. కాపీరైటు ఉల్లంఘన క్రిమినల్ నేరం కూడా, మూడేళ్ల దాకా జైలు. హీరో గారు నిజంగా మీ రేకులు మెచ్చుకున్నారని జనం నమ్మితే అది తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది, దానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారికే 10 లక్షల దాకా జరిమానా వేయగలదు.

వీడియో చూశాను కనక ఇంకో మాట. అందులో ఆవిడ పూతరేకుని అప్పడాల కర్రతో వత్తుతోంది! బోర్లించిన కుండ, కింద మంట, పలుచటి బియ్యప్పిండిలో ముంచి ఒక్క ఊపున తీసే తడిగుడ్డ, కుండ మీద పొరలా లేచే రేకు, ఇవేవీ లేవు. ఈ వీడియో చూస్తే మన వైపు వాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత కొనడం మానేస్తారు. మీ షాపుకి రేకులు వేసే ఆడవాళ్లలో ఒకరిని అడిగి, డబ్బిచ్చి, కాగితం మీద సమ్మతి రాయించుకుని ఆ చేతుల్ని రెండు నిమిషాలు ఫోన్లో తీయండి. గొంతు కూడా ఆవిడదే పెట్టండి. డబ్బా మీద “ఆత్రేయపురం” అని వేస్తున్నారుగా, ఆ పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆ పేరు వాడుకునేందుకు మీరు నమోదయ్యారో లేదో అది కూడా చూసుకోండి.

ప్రశ్న: మా ల్యాబ్‌లో రిపోర్టుల్ని రిసెప్షన్ అమ్మాయి ఫోటో తీసి ఉచిత ఏఐ యాప్‌లో పెట్టి తెలుగులో సారాంశం తీసి రోగికి పంపుతోంది. జనం మెచ్చుకుంటున్నారు. ఏదైనా ఇబ్బంది ఉందా?
– అమలాపురం

జవాబు: ఉంది, రెండు వైపుల నుంచీ.

ఆ ఫోటోలో రోగి పేరు, వయసు, ఫోను నంబరు, జబ్బు అన్నీ కనబడుతున్నాయి. అవి ఎక్కడి సర్వర్లోకి వెళ్తున్నాయో, ఎన్నాళ్లుంటాయో మీకు తెలియదు. ఉచితంగా ఇచ్చేవాళ్లు చాలాచోట్ల మనం పెట్టినదాన్ని మిషనుకి పాఠంగా వాడుకుంటారు. 2023లో శాంసంగ్ ఇంజనీర్లే కంపెనీ కోడ్ తీసుకెళ్లి చాట్‌జీపీటీలో పెట్టి నాలుక కరుచుకున్నారు. వైద్య వివరాలు సున్నితమైన సమాచారమని, ఎందుకు వాడతామో చెప్పి రోగి సమ్మతి తీసుకోవాలని 2011 ఐటీ నియమాల్లోనే ఉంది. కొత్తగా 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. అసలు బాధ్యతలు 18 నెలలకి, అంటే 2027 మే నాటికి అమల్లోకి వస్తాయి. డేటాకి తగిన భద్రత పెట్టకపోతే అందులో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. మీకు అంత వేస్తారని కాదు, ఆ అంకె ఒకసారి చూసుకోండని. హెచ్‌ఐవీ ఫలితమైతే ఇంకా కఠినం. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టంలో దాని గోప్యతకి విడిగా నిబంధనలున్నాయి. అలాంటి రిపోర్టుని ఆ అమ్మాయి చేతికే ఇవ్వకండి.

రెండో ఇబ్బంది మీరు పంపిన నమూనాలోనే ఉంది. హెపటైటిస్ పరీక్షలో “నాన్ రియాక్టివ్” అంటే ఆ జబ్బు జాడ కనబడలేదని. దానికి మీ యాప్ “శరీరం స్పందించడం లేదు” అని రాసింది. అది చదివిన ముసలాయన ఆ రాత్రి అన్నం తిని ఉంటాడంటారా?

పేరు, నంబరు కనబడకుండా కత్తిరించి, డేటాని శిక్షణకి వాడుకోనని రాసిచ్చే డబ్బు కట్టే సర్వీసు తీసుకుని, డాక్టరు చూసి సరే అన్నాకే పంపండి. రోగి సమ్మతి తెలుగులోనే, చదివితే అర్థమయ్యే నాలుగు ముక్కల్లో తీసుకోండి. పదో పన్నెండో తరచుగా చేసే పరీక్షలకి డాక్టరు చేత ఒకసారి తెలుగు వాక్యాలు రాయించి పెట్టుకుంటే ఏఐ అవసరమే ఉండదు. నాకైతే అదే మంచిదనిపిస్తుంది.

ప్రశ్న: కడియం దగ్గర మా నర్సరీ. ఆన్‌లైన్లో అమ్మే గులాబీలకి ఏఐ ఫోటోలు పెట్టాం. పుణె ఆవిడ ఒకరు నీలం గులాబీ పూయలేదని డబ్బు తిరిగి ఇమ్మంటున్నారు. మొక్క బతికే ఉంది కదా?
– కడియపులంక

జవాబు: మొక్క బతికే ఉంది, ఆవిడ కొన్నది మాత్రం నీలం పువ్వుని. మామూలు గులాబీలో ఆ నీలాన్నిచ్చే రంగు పదార్థమే ఉండదు, అది మీకు నాకంటే బాగా తెలుసు. చూపించిన లక్షణాలు వస్తువులో లేకపోతే వెనక్కి తీసుకోవాల్సిందేనని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. ఆవిడ పుణెలోనే కేసు వేసుకోవచ్చు కూడా. 350 రూపాయల మొక్క కోసం పుణె వాయిదాలకి తిరుగుతారా? డబ్బు పంపేయండి. పొద్దున్నే తోటలోకి వెళ్లి, మంచు ఆరకముందే సొంత ఫోనుతో ఫోటోలు తీసి పెట్టండి. ఆకు మీద పురుగు తిన్న మచ్చ కనబడినా ఫర్వాలేదు.

ప్రశ్న: ఏఐతో మా ఎగుమతి కంపెనీకి లోగో గీయించాను. ఎవరైనా కాపీ కొడితే కేసు వేయగలనా?
– భీమవరం

జవాబు: కంప్యూటరుతో తయారైన రచనకి, దాన్ని తయారు చేయించిన మనిషే కర్త అని కాపీరైటు చట్టం 2(డి)(6)లో ఉంది. ఈనాటి ఏఐకి అది ఎంతవరకు వర్తిస్తుందో పై కోర్టులు ఇంకా తేల్చలేదు. అందుకని కాపీరైటు మీద ఆధారపడకుండా ట్రేడ్‌మార్కు రిజిస్టరు చేయించుకోండి. చిన్న సంస్థలకి ఆన్‌లైన్లో ఒక తరగతికి 4,500 ఫీజు. దరఖాస్తు పెట్టేముందు ఆ బొమ్మని ఒక్కసారి పెద్దది చేసి చూడండి. మీ రొయ్యకి రెండు వైపులా తోకే ఉంది.